పాత స్పోర్ట్స్ బైకు క్లచ్ మార్చడం: కొలిచాకే కొనండి

యాక్సిలరేటర్ తిప్పగానే ఇంజిన్ అరుస్తుంది, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తుంది, బండి మాత్రం లాగదు. 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా, 2008లో వచ్చిన తొలి తరం యమహా ఆర్15, ఆ కాలపు పల్సర్ 220 వంటి బళ్లను ఇంకా ప్రేమగా నడుపుకుంటున్నవారికి ఈ లక్షణం కొత్త కాదు. బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం రద్దీలో హాఫ్ క్లచ్ మీద అంగుళం అంగుళం జరిగే బండికి, అందులోనూ మే నెల ఎండలో, క్లచ్ త్వరగా అరగడంలో ఆశ్చర్యం లేదు. అయితే బండి లాగడం లేదని చెప్పిన మరుక్షణం చాలా షెడ్లలో వినిపించే మాట "ప్లేట్లు పోయాయి" అన్నదే. ప్లేట్లు పోయి ఉండవచ్చు, పోకుండానూ ఉండవచ్చు. ఇంజిన్ కవరు విప్పకముందే ఆ సంగతి చాలావరకు తేల్చుకోవచ్చు.

ముందుగా క్లచ్ జారడం, క్లచ్ పూర్తిగా విడవకపోవడం అనే రెండు జబ్బులను వేరుగా చూడాలి. సిగ్నల్ దగ్గర లివర్ పూర్తిగా నొక్కి పట్టినా బండి మెల్లగా ముందుకు పాకుతుంటే, ఇంజిన్ వేడెక్కాక న్యూట్రల్ పడకపోతే, అది క్లచ్ విడవకపోవడం. దానికి ప్లేట్ల అరుగుదల సాధారణంగా కారణం కాదు. టాప్ గేరులో గంటకు నలభై, యాభై కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజిన్ వేగం పెరిగినంతగా బండి వేగం పెరగకపోతే అది జారడం. రద్దీ లేని వేళలో, ఖాళీ రోడ్డు మీద ఈ పరీక్ష చేయాలి. జారుడు తొలిదశలో ఉన్నప్పుడు చదును రోడ్డు మీద బయటపడకపోవచ్చు కాని, వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు దాగదు.

జారుతోందని తేలాక చూడవలసింది క్లచ్ కేబులు. లివర్ చివరన 10 నుంచి 15 మిల్లీమీటర్ల వరకు ఖాళీ కదలిక ఉండడం ఈ తరహా బళ్లలో మామూలు. కచ్చితమైన అంకెను మీ బండి మాన్యువల్‌లో చూసుకోవాలి. ఆ ఖాళీ బొత్తిగా లేకపోతే, లివర్ వదిలేసినా కేబులు క్లచ్‌ను కొద్దిగా లాగి పట్టుకునే ఉంటుంది కనుక, కొత్త ప్లేట్లైనా జారతాయి. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది: కేబులు సాగితే ఖాళీ పెరుగుతుంది, క్లచ్‌లో స్టీలు ప్లేట్ల మధ్య పేర్చి ఉండి, రాపిడితో పట్టు ఇచ్చే ఫైబర్ ప్లేట్లు అరిగితే ఖాళీ తగ్గుతుంది. ప్లేట్ల దొంతర పలచబడినకొద్దీ, స్ప్రింగుల బలంతో ఆ దొంతరను నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు లోపలికి జరిగి, తనను తోసే రాడ్డుకు దగ్గరవడమే దీనికి కారణం. కాబట్టి కొన్నాళ్లుగా మీరు కేబులును మళ్లీమళ్లీ వదులు చేయవలసి వస్తూంటే ప్లేట్లు అరుగుతున్నాయని దాదాపు నమ్మవచ్చు. మళ్లీమళ్లీ బిగించవలసి వస్తూంటే ముందు కేబులు మార్చి చూడండి.

ఆ తరువాతి అనుమానం ఇంజిన్ ఆయిల్ మీద పెట్టాలి. ఈ బళ్లన్నిటిలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. కార్ల కోసం తయారయ్యే ఆయిళ్లలో కొన్నింటిలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. అవి కారు ఇంజిన్‌కు మేలు చేసినా, రాపిడి మీదే బతికే తడి క్లచ్‌ను జారుస్తాయి. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు ఉండాలి. ఎంబీ అని ఉన్నది ఎక్కువగా స్కూటర్ల కోసం ఉద్దేశించినది, గేరు బండికి పనికిరాదు. గత సర్వీసులో ఎవరైనా దొరికిన ఆయిల్ పోసి ఉంటే, ముందు సరైన ఆయిల్ మార్చి కొన్ని రోజులు నడిపి చూడడం చవకైన పరీక్ష. పాత ఆయిల్ దించినప్పుడు మాడిన వాసన గట్టిగా వస్తే మాత్రం పరీక్షలకు కాలం దాటిపోయినట్టే.

ఇక విప్పడం. దీనికి 8, 10 నంబర్ల టీ స్పానర్లు, తక్కువ బిగువును కొలవగల చిన్న టార్క్ రెంచ్, మందం కొలిచే వెర్నియర్, సన్నని సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్, అడుగున పెట్టే ట్రే, రబ్బరు సుత్తి, నూలు పోగులు ఊడని గుడ్డలు కావాలి. అద్దాల దుకాణంలో జానెడు పొడవున్న మందపాటి గాజుముక్క ఒకటి కోయించుకుంటే తరువాత చాలా పనికివస్తుంది. కొత్త కవరు ప్యాకింగ్ (గ్యాస్కెట్) చేతికి రాకుండా పని మొదలుపెట్టవద్దు. పాత మోడళ్లకు అన్నిటికంటే ఆలస్యంగా దొరికేది అదే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బండిని నిటారుగా నిలిపి ఆయిల్ దించాలి. బండిని ఎడమవైపు బాగా వంచి, ఆయిల్ దించకుండానే కుడివైపు కవరు తీసే పద్ధతి ఒకటి ఉంది. పని జరుగుతుంది కాని, అరిగిన ఫైబర్ పొడి అంతా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది కనుక దాన్ని దాచుకోవడంలో అర్థం లేదు. కుడివైపు ఫెయిరింగ్, ఫుట్‌రెస్ట్, అడ్డం వస్తే బ్రేకు పెడల్ తీసి, క్లచ్ కేబులును ఇంజిన్ వైపు కొస నుంచి విడదీయాలి. రేడియేటర్ ఉన్న బండి అయితే, ఆ కవరుకు నీటి గొట్టం ఏదైనా తగిలి ఉందేమో చూసి, ఉంటే కూలెంట్ కూడా దించాలి.

కవరు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకుంటే బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు. పొడవు బోల్టును పొట్టి రంధ్రంలో బిగిస్తే అల్యూమినియం మర పోతుంది, మర పోతే ఇంజిన్‌ను ఆటోనగర్ లేత్ పనివారి దగ్గరికి మోసుకుపోయి, కొత్త మరగా పనిచేసే తీగ కాయిల్ వేయించుకోవలసి వస్తుంది. బోల్టులన్నీ తీశాక కవరు కదలకపోతే రబ్బరు సుత్తితో అంచుల వెంట మెల్లగా కొట్టాలి తప్ప, కీలులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకూడదు. ఆ గాటు నుంచి జీవితాంతం ఆయిల్ కారుతుంది. కవరు ఊడి వచ్చేటప్పుడు దాని లోపలివైపు వాషర్లు అంటుకుని వస్తాయి. అవి కింద పడకముందే చూసి, ఏ షాఫ్టువో గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు క్లచ్ కనిపిస్తుంది. ఇది రెండు రకాలుగా ఉంటుంది. మొదటి రకంలో ప్రెషర్ ప్లేటు బయటివైపే ఉంటుంది కనుక స్ప్రింగు బోల్టులు విప్పగానే ప్లేట్లన్నీ చేతికి వస్తాయి. రెండో రకం హోండా తరహా చిన్న ఇంజిన్లలో ఎక్కువగా కనిపిస్తుంది. అందులో ప్రెషర్ ప్లేటు లోపలివైపు ఉంటుంది, కాబట్టి స్ప్రింగులు తీశాక మధ్యనున్న నట్టునో లాకునో కూడా తీసి క్లచ్ సెంటర్‌ను (ప్లేట్ల మధ్యనుండే పళ్ల భాగాన్ని) బయటికి లాగితే తప్ప ప్లేట్లు రావు. ఆ నట్టుకు తగిన సాకెట్, సెంటర్‌ను కదలకుండా పట్టే టూలు ముందే సంపాదించుకోవాలి. ప్లేట్లు కూర్చునే గిన్నెలాంటి హౌసింగ్‌కు చుట్టూ ఉండే వేళ్ల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నట్టు విప్పే అలవాటు కొన్నిచోట్ల ఉంది; ఆ వేళ్లు పోత అల్యూమినియంవి, విరిగాయంటే ప్లేట్ల ఖర్చు మీద హౌసింగ్ ఖర్చు పడుతుంది. రకం ఏదైనా స్ప్రింగు బోల్టులను ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా తీసేయకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని అరచుట్టు చొప్పున వదులు చేస్తూ పోవాలి. ప్లేట్లను తీసిన వరుసలోనే న్యూస్‌పేపరు మీద పరచి, ఫోనుతో ఫొటో తీసుకోవాలి.

అసలు పని ఇప్పుడే మొదలవుతుంది, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. ఫైబర్ ప్లేటును శుభ్రంగా తుడిచి, వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల మందం కొలవాలి. ఈ తరగతి బళ్లలో కొత్త ఫైబర్ ప్లేటు సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎంతకు తగ్గితే మార్చాలో మాన్యువల్‌లో ఉంటుంది, తేడా మిల్లీమీటరులో కొన్ని పదో వంతులే. కంటికి అన్నీ ఒకేలా కనబడతాయి కనుక చూపును నమ్మరాదు. మందం సరిపోయినా, ఫైబర్ ముక్కల పైభాగం నల్లగా గాజులా మెరుస్తూ, గోటితో గీకితే జారిపోతుంటే ఆ ప్లేటు పని అయిపోయింది. స్టీలు ప్లేటును గాజుముక్క మీద బోర్లించి, అంచు కింద 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ దూరుతుందేమో చుట్టూ చూడాలి. చాలా ఇంజిన్లకు అనుమతించిన వంపు ఆ చుట్టుపక్కలే. ఇంద్రధనుస్సు రంగులలాగా నీలం, ఊదా మచ్చలు తేలిన స్టీలు ప్లేటు విపరీతంగా వేడెక్కినది. దాని మీద కొత్త ఫైబర్ వేస్తే ఆ కొత్తది కూడా త్వరలోనే పాతదవుతుంది. స్ప్రింగుల పొడవును కూడా కొలవాలి. ఒక్కటి పొట్టిదైనా అన్నీ కలిపి మార్చాలి, ఎందుకంటే ఒత్తిడి ఒకవైపు తగ్గితే ప్రెషర్ ప్లేటు వాలుగా నొక్కుతుంది.

ప్లేట్లు తీసిన తరువాత హౌసింగ్ వేళ్ల అంచుల మీద వేలి గోరు పెట్టి నెమ్మదిగా కిందికి లాగి చూడండి. ప్లేట్ల అంచున పొడుచుకువచ్చిన చెవులు ఏళ్ల తరబడి కొట్టిన చోట గోరు టక్కు టక్కుమని ఆగుతుంది. ఆ గాట్లలో ప్లేట్ల చెవులు ఇరుక్కోవడం వల్లనే లివర్ నొక్కినా క్లచ్ పూర్తిగా విడవదు; కొత్త ప్లేట్లు వేసినా న్యూట్రల్ పడడం లేదన్న ఫిర్యాదు ఎక్కువగా ఇక్కడినుంచే వస్తుంది. గాట్లు పైపైన ఉంటే, లోపలికి రజను పడకుండా గుడ్డ కుక్కి, చదునైన సన్నని ఆకురాయితో అన్ని వేళ్లనూ సమానంగా నునుపు చేయవచ్చు. అర మిల్లీమీటరు దాటితే ఆకురాయి జోలికి పోకుండా హౌసింగ్ మార్చడమే మేలని నా అభిప్రాయం. తోసే రాడ్డును గాజు మీద దొర్లించి వంపు చూడడం, బేరింగును వేలితో తిప్పి గరగర ఉందేమో వినడం నిమిషం పనులు.

సామాను కొనడానికి పాత ప్లేటును వెంట తీసుకుపోవాలి. బయటి వ్యాసం, చెవుల సంఖ్య, లోపలి పళ్లు పోల్చుకుని, కొత్త ప్లేటు మందాన్ని దుకాణంలోనే వెర్నియర్ పెట్టి చూడండి. మంచి దుకాణదారుడు దీనికి చిరాకుపడడు. కంపెనీ పెట్టెను పోలిన పెట్టెలో వచ్చే నకిలీ ప్లేట్లు ముక్కల మధ్య గాడులు సమంగా లేకపోవడం వల్ల, అంచుల దగ్గర జిగురు పొంగి ఉండడం వల్ల పట్టుబడతాయి. కొలతలో ఓడిన ఫైబర్ ప్లేట్లు, ప్యాకింగ్ ఎలాగూ కొత్తవే వేయాలి. స్టీలు ప్లేట్లు, స్ప్రింగులు కొలతలో నెగ్గితే వాటిని మార్చనక్కరలేదు.

కొత్త ఫైబర్ ప్లేట్లను బిగించే ముందు, బండిలో పోయబోయే ఆయిల్‌లోనే రాత్రంతా, వీలుకాకపోతే కనీసం రెండు మూడు గంటలు నానబెట్టాలి. పొడిగా బిగించిన ప్లేట్లు తొలి నిమిషాల్లోనే కాలిపోగలవు. అమరికలో మొదటిదీ చివరిదీ ఫైబరే, మధ్యలో ఒకటి విడిచి ఒకటి స్టీలు. స్టీలు ప్లేటుకు ఒకవైపు అంచు పదునుగా, మరోవైపు గుండ్రంగా ఉంటుంది. అన్నింటి పదును ఒకే వైపు ఉండేలా పేర్చాలి. ఫైబర్లలో ఒకటి మిగతావాటికంటే లోపలి వ్యాసంలో తేడాగా ఉంటే, లేదా చివరి ప్లేటు చెవులు కొద్దిగా పక్కకున్న గాడిలో కూర్చునేట్లు ఉంటే, మీరు తీసుకున్న ఫొటోలో ఉన్న చోటే వాటిని పెట్టాలి. ప్రెషర్ ప్లేటు పళ్లు సెంటర్ పళ్లలో పూర్తిగా కూర్చున్నాయని చేత్తో నొక్కి, కదిపి నిర్ధారించుకున్నాకే స్ప్రింగులు వేయాలి. కూర్చోని ప్లేటును బోల్టులతో లాగితే విరుగుతుంది. స్ప్రింగు బోల్టులను మళ్లీ ఎదురెదురు వరుసలోనే, 6 మిల్లీమీటర్ల మర అయితే సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు వద్ద ఆపాలి. రెండో రకం క్లచ్‌లో మధ్య నట్టుకు కొత్త లాకు వాషర్ వేసి, మాన్యువల్‌లో చెప్పిన బిగువు పెట్టాలి.

కవరు కూర్చునే తలం మీది పాత ప్యాకింగ్‌ను చెక్క లేదా ప్లాస్టిక్ ముక్కతో గీకి, కొత్త ప్యాకింగ్‌ను అలాగే వేయాలి. దాని మీద సిలికాన్ పేస్టు దట్టించేవారున్నారు. లోపలికి పొంగిన ఆ జిగురు ముక్కలు ఊడి ఆయిల్ జల్లెడకు అడ్డుపడతాయి. కవరును చేత్తో నొక్కితేనే పూర్తిగా కూర్చోవాలి, కూర్చోకపోతే ఏదో వాషరో పినో పక్కకు తప్పిందని అర్థం. ఆయిల్ ఫిల్టరు కూడా ఇప్పుడే మార్చి, మాన్యువల్ చెప్పినంత ఆయిల్ పోసి, ఇంజిన్ కాసేపు నడిపి ఆపి, మళ్లీ మట్టం చూడాలి.

కేబులు ఖాళీని సరిచేసి, వెనుక చక్రం గాలిలో ఉండేట్టు స్టాండు వేసి, ఇంజిన్ నడుస్తుండగా మొదటి గేరులో లివర్ నొక్కినప్పుడు చక్రాన్ని బ్రేకుతో తేలికగా ఆపగలగాలి. ఆ పైన రోడ్డు మీదికి వెళ్లండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఎగిరి దూకే స్టార్టులు మాని, మంగళగిరి మీదుగా గుంటూరు వరకు ఉన్న జాతీయ రహదారి లాంటి చోట గేర్లు మారుస్తూ సాఫీగా నడిపితే ప్లేట్లు ఒకదానికొకటి చక్కగా కుదురుకుంటాయి. ఈ దశలో కేబులు ఖాళీ కొంత మారుతుంది, కాబట్టి ఆ దూరం పూర్తయ్యాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లివర్ దగ్గర మరోసారి కొలిచి సరిచేయాలి.