రంభ దీవులు, గోపాలపూర్ తీరం: బరంపురం నుంచి ఒక్క రోజులో ఎలా చూడాలి

ఒడిశాలోని చిలికా సరస్సు అనగానే ఇచ్ఛాపురం, బరంపురం వాళ్ళు చాలామంది సరాసరి బార్కూల్‌కి బండి కట్టేస్తారు. సరస్సులోని దీవి మీదున్న కాళీజాయి అమ్మవారి మొక్కు ఉంటే అక్కడికే వెళ్ళాలి. మొక్కేమీ లేదు, దీవులూ సముద్రమూ రెండూ ఒకే రోజు చూడాలంటే మాత్రం రంభ మేలు. బరంపురం నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు. బార్కూల్‌కి ఇంకో పాతిక కిలోమీటర్లు పోవాలి. మిగిలిన ఆ సమయమే సాయంత్రం గోపాలపూర్‌కి పనికొస్తుంది.

వరస ముఖ్యం: పొద్దున సరస్సు, సాయంత్రం సముద్రం. తిరగేస్తే రెండూ చెడతాయి. పొద్దెక్కేకొద్దీ చిలికా మీద గాలి పెరుగుతుంది, మార్చి దాటాక దక్షిణపు గాలి మరీ గట్టిది. మధ్యాహ్నానికి నీళ్ళు కుదిపేస్తాయి, తుంపరకి బట్టలు తడుస్తాయి, పిల్లలకి వాంతులు. అందుకని ఏడు గంటలకల్లా జెట్టీ దగ్గరుండాలి. రైలైతే రంభలో ఆగేది ఎక్కువగా ప్యాసింజర్లే. వాటి వేళ మీ వేళకి కుదరకపోతే భువనేశ్వర్ వైపు పోయే బస్సెక్కి రంభలో దిగండి.

బోటు బేరం తలకింత అని కాదు, బోటుకింత. ప్రభుత్వ అతిథి గృహం పాంథనివాస్ జెట్టీలో ఒడిశా పర్యాటక శాఖ బోట్లుంటాయి, ఊళ్ళో జాలర్ల మోటారు బోట్లూ ఉంటాయి. ఎవరితో మాట్లాడినా ఎక్కకముందే తేల్చుకోవాల్సినవి మూడు: ఏయే దీవులు, ఎక్కడ దింపుతారు, మొత్తం ఎన్ని గంటలు. ‘అన్నీ చూపిస్తాం’ అంటే సాధారణంగా దూరం నుంచి చెయ్యి చూపించడమే. మూడు గంటలకి తక్కువ మాట్లాడుకోకండి. లైఫ్ జాకెట్ అందుకోగానే బకిల్ పడుతోందో లేదో చూడండి, పెద్దవాళ్ళ జాకెట్ పిల్లలకి తొడిగితే నీళ్ళలో పైకి జారిపోతుంది. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు బోటు అడుగు నేలకి తగలడం, ఫ్యానుకి నాచు చుట్టుకోవడం మామూలే. కంగారు పడి అంతా ఒకే పక్కకి లేచి నిలబడకుండా ఉంటే చాలు.

దూరంగా ఉన్నదాన్ని ముందు చూసి, దగ్గరవి వెనక్కి వస్తూ చూడాలి. గాలి లేచేసరికి మీరు ఒడ్డుకి దగ్గర్లో ఉంటారు. జెట్టీకి సుమారు 5 కిలోమీటర్లలో ఉన్నది బడకుడా, బోటువాళ్ళు హనీమూన్ ఐలాండ్ అంటారు. అక్కడ నీరు తేటగా ఉండి అడుగున ఎరుపు, ఆకుపచ్చ నాచు కనిపిస్తుంది. కాళ్ళు లేని నలికిరి జాతి ఒకటుంది, 1917లో శాస్త్రలోకానికి తెలిసింది ఈ దీవి నుంచే. నేలలో దూరి బతికే జీవి కాబట్టి కనబడుతుందని ఆశపడొద్దు, రాళ్ళు తిరగేసి వెతకనూ వద్దు. తర్వాత పక్షుల దీవి: నీటి మీదికి వంగిన పెద్ద బండలు రెట్టలతో తెల్లబారి ఉంటాయి, బోటులోంచే చూడాలి. తిరుగుదారిలో ఘంటశిల గుట్ట దగ్గర, బండ మీద శంఖు ఆకారపు స్తంభం కనిపిస్తుంది. అదే బీకన్ ఐలాండ్. పైన దీపం పెట్టడానికి ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించాడు. చివరిది బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, అక్కడ ఖల్లికోట రాజుల శిథిల బంగళా. దీవుల మీద తాగునీరు దొరకదు, మనిషికి కనీసం లీటరున్నర పట్టుకెళ్ళండి.

గుహల కోసమైతే ఈ తీరం మీద ఆశ పెట్టుకోకండి. సహజమైన పెద్ద గుహలు ఎక్కువగా సున్నపురాయిలోనే ఏర్పడతాయి, అది కొరాపుట్ గుప్తేశ్వరంలోనో మన బొర్రాలోనో ఉంది. అది వేరే ప్రయాణం.

పన్నెండుకల్లా రంభలో భోజనం ముగించి వెనక్కి బయలుదేరితే దారిలో హుమ్మా ఉప్పుమళ్ళు తగులుతాయి. 1930 ఉప్పు సత్యాగ్రహం జరిగిన చోటు. గంజాం ఊరు దగ్గర రుషికుల్యా వంతెన దాటి, ఛత్రపురం మీదుగా గోపాలపూర్ చేరాలి. నాలుగింటికి ముందు వెళ్తే ఇసుక కాలుతుంది.

గోపాలపూర్ సముద్రం చూడ్డానికే అందం, దిగడానికి కాదు. ఇక్కడ ఒడ్డు నిటారుగా దిగుతుంది. కెరటం దూరంలో విరగకుండా ఒడ్డుకి వచ్చి ఒక్కసారిగా పడుతుంది, వెనక్కి పోతూ కాళ్ళకింద ఇసుక లాగేస్తుంది. మోకాలి లోతులో నిలబడ్డ మనిషి రెండో కెరటానికి నడుం లోతులో ఉంటాడు. అటూ ఇటూ కెరటాలు విరుగుతూ మధ్యలో ఒక పాయ ప్రశాంతంగా, కాస్త మడ్డిగా కనిపిస్తే అది స్నానానికి మంచి చోటనుకుంటారు. నిజానికి నీళ్ళు లోపలికి లాగే దారే అది. అందులో చిక్కితే ఒడ్డుకి ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. స్నానం చెయ్యాల్సిందే అనుకుంటే నోలియాని, అంటే ఇక్కడి సముద్రపు జాలరిని, తోడు మాట్లాడుకోండి. వాళ్ళు తెలుగువాళ్ళే, ఏ పూట ఎక్కడ దిగొచ్చో వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ‘ఇవాళ వద్దు బాబూ’ అంటే బేరమాడకండి.

నెలల సంగతి: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, వలస పక్షులూ అప్పుడే ఉంటాయి. అక్టోబరు తుపానుల నెల. 2013లో ఫైలిన్ ఈ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఫిబ్రవరి, మార్చిలలో రుషికుల్యా మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఏ రాత్రి వస్తాయో ముందే చెప్పలేరు, కొన్నేళ్ళు గుంపుగా రాకుండానే పోతాయి. వెళ్తే అటవీ సిబ్బంది చెప్పిన చోటే నిలబడండి. టార్చి, ఫోన్ ఫ్లాష్ వెయ్యొద్దు, వెలుగుకి తాబేలు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది.

డాల్ఫిన్లని ఈ రోజులో కలపొద్దు. ఇరావతి డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగేది సరస్సుకి పూరీ వైపున్న సాతపడా దగ్గర, రంభ బోటువాళ్ళు చూపిస్తామన్నా నమ్మకండి. పూరీ చుట్టి వెళ్ళే బదులు పాలూరు మీదుగా జన్హికుడా చేరి, అక్కడ బండితో సహా ఫెర్రీ ఎక్కితే అవతలి గట్టు సాతపడాయే. ఆ రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి. అదే రోజు తిరిగి రావాలంటే ఫెర్రీ దిగగానే చివరి ట్రిప్పు ఎన్నింటికో అడగండి, అది తప్పితే పూరీ చుట్టే గతి.