పాచికల మోతకు గొంగడి

మహబూబ్‌నగర్‌లో మా మేడ మీది గదిలో ఆదివారాలు నలుగురం కూర్చుని పాచికలు వేస్తూ, పాత్రలు ధరించి కథ నడిపే ఆట ఆడుతుంటాం. దాన్ని రికార్డు చేయాలనుకునేవారు ఖరీదైన మైకుల కోసం వెతికే ముందు ఇంట్లో గొంగడి ఉందేమో చూడండి. మొదటిసారి ఫోనును నేరుగా బల్ల మీద పెట్టాం. పాచిక పడిన ప్రతిసారీ పిడుగు పడినట్టే వినిపించింది, మాటలు మాత్రం స్లాబు గది ప్రతిధ్వనిలో కలిసిపోయాయి. ఇప్పుడు గొంగడిని నాలుగు మడతలు వేసి దాని మీద ఫోను పెడుతున్నాం, ఖాళీ గోడకు ఇంకొకటి వేలాడదీస్తున్నాం. ఉన్ని ప్రతిధ్వనిని బాగానే పీల్చుకుంటుంది. పాచికలను గుడ్డ పరిచిన పళ్లెంలో వేయండి. ఉత్త స్టీలు పళ్లెం మాత్రం వద్దు, చెవులు చిల్లులు పడతాయి.

ఎండాకాలంలో ఫ్యాను ఆపమంటే ఎవరూ వినరు. అందుకే ఆట మొదలయ్యే ముందు పది సెకన్లు అందరూ నోరు మూసుకుని ఆ ఫ్యాను చప్పుడునే రికార్డు చేయండి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కను నమూనాగా చూపి, మిగతా రికార్డింగులో అదే రొదను తగ్గించవచ్చు. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతులు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటాయి.

ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ నాణ్యతలో మోనో (ఒకే చానల్) వేవ్ ఫైలు, అంటే కుదించని ఆడియో ఫైలు, గంటకు సుమారు 320 ఎంబీ తింటుంది, ఖాళీ ఉందో లేదో చూసుకోండి.