హోమ్ సరిపోతుందా, ప్రో కావాలా?

కొత్త ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: విండోస్ 11లో హోమ్ తీసుకోవాలా, ప్రోనా? ప్రో అయితే వేగంగా పనిచేస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది అపోహ. ఒకే కంప్యూటర్ మీద రెండింటి వేగంలో తేడా ఉండదు. ర్యామ్ పరిమితి హోమ్‌లో 128 జీబీ, ప్రోలో 2 టీబీ. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు ఆ 128 దాటే అవసరమే రాదు.

అసలు చూడవలసింది రిమోట్ డెస్క్‌టాప్, అంటే ఒక కంప్యూటర్‌ను దూరాన ఉన్న ఇంకో కంప్యూటర్ నుంచి వాడుకునే సౌకర్యం. మా అక్క ఆఫీసులోని కంప్యూటర్‌ను ఇంటి నుంచి వాడుకోవాలని, ఇంటి ల్యాప్‌టాప్‌ను డబ్బు కట్టి ప్రోకు మార్చుకుంది. అయినా కనెక్షన్ కుదరలేదు. హోమ్ ఉన్నది ఆఫీసు కంప్యూటర్‌లో! చుట్టంగా వెళ్లే కంప్యూటర్‌కు హోమ్ చాలు, చుట్టాన్ని లోపలికి రానిచ్చే కంప్యూటర్‌కే ప్రో కావాలి. ముందే అడిగి ఉంటే ఆ ఖర్చు తప్పేది కదా అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే మీరు లోపలికి వెళ్లాలనుకునే కంప్యూటర్‌లోనే సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్ నొక్కి చూడండి. అది హోమ్ అయితే ఈ సౌకర్యం లేదని అక్కడే రాసి ఉంటుంది.

కంప్యూటర్‌ను ఆఫీసు డొమైన్‌లో (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకే చోటి నుంచి నిర్వహించే నెట్‌వర్క్‌లో) చేర్చాలన్నా, హైపర్‌-వీ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపే సౌకర్యం) మీద వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లు నడపాలన్నా ప్రో తీసుకోండి. శాండ్‌బాక్స్ కూడా ప్రోలోనే ఉంటుంది. అనుమానం ఉన్న ప్రోగ్రామ్‌ను అందులో నడిపి చూసి మూసేస్తే, దాని ఆనవాలు కూడా మిగలదు.

డిస్క్‌కు తాళం వేసే విషయం, అంటే అందులోని సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా చేసే విషయం, కొంచెం జాగ్రత్తగా చదవండి. ప్రోలోని బిట్‌లాకర్‌తో ఏ డ్రైవ్‌కు తాళం వేయాలో మీరే ఎంచుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌కు కూడా వేయవచ్చు. హోమ్‌లో బిట్‌లాకర్ సెట్టింగులు ఉండవు గాని, చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే ఇలాంటి తాళమే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే అది దానంతట అదే మొదలైపోవచ్చు. తర్వాత ఎప్పుడైనా బయోస్ (కంప్యూటర్‌ను ఆన్ చేయగానే ముందుగా నడిచే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినప్పుడు నీలి తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఒక్క అంకె తప్పినా తలుపు తెరుచుకోదు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ఈ రోజే చూసి, కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా వేరే చోట దాచండి. హోమ్ కొన్నా, ప్రో కొన్నా ఈ పని మానవద్దు.

ఎటూ తేల్చుకోలేకపోతే హోమ్‌తోనే మొదలుపెట్టండి. అవసరం పడ్డ రోజున సెట్టింగ్స్‌లో, సిస్టమ్‌లోని యాక్టివేషన్‌లో ప్రో లైసెన్స్ కీ ఇస్తే, మీ ఫైళ్లూ ప్రోగ్రామ్‌లూ అలాగే ఉండి ఎడిషన్ మాత్రం మారుతుంది. ప్రో నుంచి హోమ్‌కు వెనక్కి రావాలంటే మాత్రం అన్నీ తుడిచి విండోస్‌ను మళ్లీ ఎక్కించాలి.