అట్టముక్క మీద క్లచ్ కవర్

పాత యమహా ఆర్‌డీ 350 బైక్ ఇంజిన్ ఇంట్లోనే విప్పుతున్నారా? గేర్ ఆయిల్ దించాక, ఒక అట్టముక్క మీద క్లచ్ కవర్ (ఇంజిన్ పక్కన క్లచ్‌ని మూసే మూత) ఆకారం గీయండి. విప్పిన ప్రతి స్క్రూనీ బొమ్మలో దాని చోటే గుచ్చేయండి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ పొడవులు వేరు. పొడుగుదాని చోట పొట్టిది పెడితే రెండు మూడు మర చుట్లే పడతాయి, బిగించేసరికి రంధ్రంలోని అల్యూమినియం మర ఊడొస్తుంది. పొట్టిదాని చోట పొడుగుది పెడితే అడుగు తగిలి కేసింగే పగలొచ్చు. అన్నీ ఒకే డబ్బాలో పోసి నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

బిగుసుకుపోయిన స్క్రూని మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి, జపాన్ ప్రమాణం జేఐఎస్ ప్రకారం చేసిన బిట్ దొరికితే మరీ మంచిది. ముందు ఇంజిన్ పని; పెయింటు, హ్యాండిల్ బార్ సోకులు తర్వాత.