'టీ షిన్ త్యావ్ తాన్'ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి

చైనీస్ చదివేవాళ్లకి ఈ నాలుగక్షరాల పలుకుబడి తరచూ తగులుతుంది, భయంతో గుండె గుప్పిట్లో పెట్టుకుని ఉండటమని దాని భావం. టీ అంటే పైకెత్తడం, షిన్ గుండె, త్యావ్ వేలాడదీయడం, తాన్ పిత్తాశయం. మధ్యలో పిత్తాశయం ఎందుకంటే చైనా సంప్రదాయ వైద్యంలో ధైర్యానికి చోటు అదే, అందుకే పిరికివాణ్ణి 'తాన్ షియావ్', అంటే పిత్తాశయం చిన్నది అంటారు, తెగువ ఉంటే 'తా తాన్', పెద్దది. ఇంగ్లీషులో పిత్తానికి వాడే 'గాల్' అనగానే పొగరు, బరితెగింపు గుర్తొస్తాయి కాబట్టి మక్కికి మక్కి దింపితే భయం కాస్తా ఎగిరిపోతుంది. అవయవాలు వదిలేయండి.

ముందు చూడాల్సింది ఆ భయం ఎంతసేపు ఉందని. ఇదే అసలు కిటుకు. పిల్లాడు పిట్టగోడ అంచున నిలబడితే కలిగేది ఒక్క క్షణం హడల్, దానికి 'హార్ట్ ఇన్ మై మౌత్' సరిపోతుంది. కానీ మన పలుకుబడి చాలాసార్లు రోజుల తరబడి సాగే భయానికి వాడతారు, తెలుగులో 'బిక్కుబిక్కుమంటూ గడిపాం' అంటామే, దాదాపు అది. తప్పుచేసి పారిపోయినవాడు ఎప్పుడు పట్టుబడతానో అని అలా బతుకుతుంటే 'హి లివ్డ్ ఇన్ కాన్‌స్టంట్ ఫియర్ ఆఫ్ బీయింగ్ కాట్' అని రాయండి. సాదాగా ఉందని మొహమాటపడొద్దు, ఇంగ్లీషు వాక్యానికి అలంకారం లేకపోయినా భయం అందితే చాలు.

చాలామంది 'ఆన్ టెంటర్‌హుక్స్' పెట్టేస్తారు. అది ఒకప్పుడు తడి బట్టని చట్రానికి బిగలాగి తగిలించే కొక్కేల నుంచి వచ్చింది, ఆ బిగువు బాగానే ఉంటుంది గానీ అందులో ఎదురుచూపు ఎక్కువ, ప్రాణభయం తక్కువ. పరీక్ష ఫలితాల టెన్షన్‌కి ఓకే, యుద్ధం మధ్య చిక్కుకున్న ఊరికి మాత్రం వద్దు.

భయానికి నిజమైన కారణం ఉందా అన్నది కూడా చూడండి. గిన్నెలో విల్లు నీడ పడితే పాము అనుకుని జబ్బుపడ్డ మనిషి కథ నుంచి వచ్చిన 'పెయ్ కుంగ్ షె యింగ్' అనే ఇంకో చైనీస్ పలుకుబడి వేరే సంగతి, అది ఉత్తుత్తి భయం, అక్కడ 'జంపింగ్ ఎట్ షాడోస్' చక్కగా అతుకుతుంది. టీ షిన్ త్యావ్ తాన్‌లో ముప్పు ఉత్తదే కానక్కర్లేదు, కాబట్టి 'జంపింగ్ ఎట్ షాడోస్'ని ఇక్కడికి తేవద్దు.

ఇక 'పూ యుంగ్ త్సాయ్ టీ షిన్ త్యావ్ తాన్ లె' అని, ఇకపై అలా భయపడక్కర్లేదని వస్తే మొత్తం తిప్పి 'నౌ యు కెన్ రెస్ట్ ఈజీ' అనేయండి.