ఫోన్‌తో ఊరి ఫొటోలు – 5వ పాఠం: భీమిలిలో ఎండ ఎటుంది?

పోయిన పాఠం చదివి చాలామంది స్నేహితులతో పొద్దున్నే తీరానికి వెళ్లారు. సంతోషం. కానీ వచ్చిన ఫొటోల్లో సముద్రం ధగధగలాడుతోంది, మనుషులేమో బొగ్గులా ఉన్నారు. "ఫోన్ పాతది సార్" అంటున్నారు. పాపం, ఫోన్ ఏం చేసింది?

మనది తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు. ఆ వేళ సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ముఖం మీద వెలుగెక్కడిది? ఫోన్ ఆకాశాన్ని చూసుకుని ముఖాన్ని వదిలేస్తుంది. ఫోన్ తెర మీద కనిపించే ముఖాన్ని వేలితో నొక్కిపెట్టి వెలుగు పెంచితే ముఖం తేలుతుంది, ఆకాశం తెల్లగా పోతుంది. అందుకే నేను ఆ తిప్పలు పడను. పొద్దున మనుషుల్ని సముద్రం వైపు తిప్పేస్తాను, వెనక ఊరు పడుతుంది. సముద్రం వెనక ఉండాల్సిందేనంటే మధ్యాహ్నం మూడు దాటనివ్వండి. అప్పుడు ఎండ ఊరి మీదుగా వచ్చి నేరుగా ముఖాల మీద పడుతుంది.

ఇంకోటి. సముద్రంలో సూర్యాస్తమయం కావాలని ఆరింటిదాకా ఇసుకలో కూర్చునేవాళ్లకి ఎన్నిసార్లు చెప్పాలి? అది గోవాలో. భీమిలిలో పొద్దు పావురాలకొండ వైపు కుంగుతుంది. గోస్తని సముద్రంలో కలిసే చోట పడవలు తీయాలన్నా, వలలు బాగుచేసుకునేవాళ్లని తీయాలన్నా నాలుగున్నర మంచి వేళ. వాళ్లని అడిగి తీయండి.

నడినెత్తి ఎండలో ముఖాలు తీయొద్దు, కళ్ల కింద గుంటలు పడతాయి. ఆ వేళకి భోంచేసి పాత వీధుల్లోకి వెళ్లండి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, అరుగుల నీడలో తీయడానికి చాలా దొరుకుతాయి.

డచ్చివారి సమాధుల దగ్గర మాత్రం తొందరపడకండి. రాతి మీద చెక్కిన అక్షరాలు ఎదురెండలో చదునుగా కనిపిస్తాయి. ఎండ పక్కనుంచి రాతిని రాసుకుంటూ పడితే ఒక్కో గాడిలో సన్నటి నీడ నిలిచి అక్షరం లేస్తుంది. ఫ్లాష్ వేస్తే ఆ నీడ పోతుంది.

పోర్ట్రెయిట్ మోడ్ గురించి అడిగారు. నాకు నచ్చదు. వెనకున్న లైట్‌హౌస్‌ని మసక చేసుకోడానికి అంతదూరం వెళ్లడమెందుకు?

అభ్యాసం: ఒకే మనిషి, ఒకే చోటు, సముద్రం వెనకే. ఏడింటికి, పన్నెండింటికి, నాలుగున్నరకి తీయండి. ఫిల్టర్లు వద్దు. ఆ మనిషి విసుక్కోవడం ఖాయం, టిఫిన్, భోజనం, బజ్జీల ఖర్చు మీదే.