ఒకే చిరుత వెంట – 5వ పాఠం: చెంప మీది చుక్కలు, నోటుబుక్కులో ఖాళీ రోజులు

పోయిన పాఠం హోంవర్క్ ఎంతమంది చేశారో తెలియదు గానీ, ట్రేలో తడి ఇసుక పోసి, చదును చేసి, పిల్లి తిరిగే గోడ పక్కన పెట్టమన్నాను. చేసినవాళ్లకి ఈపాటికి కనబడే ఉంటుంది: ముందు పాదం వెనకదానికంటే వెడల్పుగా, గుండ్రంగా పడుతుంది. గోళ్ల గుర్తులు ఉండవు. అరికాలి మెత్త వెనక అంచున మూడు బుడిపెలు. చిరుతదీ ఇదే అచ్చు, సైజు మాత్రం పెద్దది. హైనా అయితే గోళ్లు పడతాయి. చేయనివాళ్లు ఈ పాఠం చదివేయొచ్చు, కానీ ఆ ట్రే ఎలాగూ ఏడో పాఠంలో కావాలి.

ఇంతవరకు నేర్చుకున్నదాంతో "పొద్దున ఇటుగా ఒక ఆడ చిరుత వెళ్లింది" అని చెప్పగలం. "ఏ ఆడ చిరుత?" అంటే చెప్పలేం. ఈ పాఠం దాని గురించే.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట. ఈ పాఠాలన్నీ దక్షిణాఫ్రికాలోని సబీ సాండ్ గేమ్ రిజర్వ్‌లో నేను నేర్చుకున్నవి. క్రూగర్ జాతీయ పార్కుకి పడమటి పక్కన, సుమారు 65,000 హెక్టార్ల ప్రైవేటు అడవి అది. క్రూగర్‌కీ దీనికీ మధ్య ఉన్న కంచె 1993లో తీసేశారు కాబట్టి జంతువులు అటూ ఇటూ తిరుగుతాయి. అక్కడి లోండోలోజి అనే లాడ్జిలో 1979లో దాని యజమానుల్లో ఒకడైన జాన్ వార్టీ, జాడలు పట్టే ట్రాకర్ ఎల్మన్ మ్లోంగో కలిసి ఒక ఆడ చిరుత వెంట పడ్డారు. ఆ రోజుల్లో చిరుత అంటే జీపు లైట్లలో మెరిసి మాయమయ్యే తోక, అంతే. వీళ్లు మాత్రం ఆ ఒక్కదాన్ని పన్నెండేళ్లు చూశారు. తొమ్మిది ఈతలు ఈనింది. 'తల్లి చిరుత' అనే పేరు దానికి అలాగే స్థిరపడింది. ఈ రోజుకీ అక్కడ చిరుతల వంశవృక్షాలు రాస్తున్నారంటే మొదలు అక్కడే.

సరే, చెంప దగ్గరికి వద్దాం.

చిరుత ఫొటో ఒకటి ముందు పెట్టుకోండి. పక్క నుంచి తీసినది, మూతి స్పష్టంగా ఉన్నది. మీసాలు వరసల్లో మొలుస్తాయి, ప్రతి వరసలోనూ మీసం మొదట్లో నల్లటి చుక్కలు గీత గీసినట్టు ఉంటాయి. వీటిలో అన్నిటికంటే పై వరస ఏదో వెతకండి. దానికి పైన, ముక్కు వైపు, వరసలో కలవకుండా విడిగా కొన్ని చుక్కలు కనబడతాయి. రెండు ఉండొచ్చు, మూడు, నాలుగు ఉండొచ్చు. మనం లెక్కపెట్టేవి ఆ విడి చుక్కలే. కుడి చెంపన నాలుగు, ఎడమ చెంపన మూడు ఉంటే 4:3 అని రాస్తాం. కుడి ముందు, ఎడమ తరవాత. ఈ చుక్కలు పుట్టుకతో వస్తాయి, చచ్చేదాకా మారవు.

కుడి అంటే చిరుత కుడి. మీ కుడి కాదు.

ఇంత చిన్న విషయానికి విడిగా ఒక పేరా ఎందుకంటే, నేను మూడు నెలలు తప్పు రాశాను.

నేను అనుసరించేదాన్ని నోటుబుక్కులో 'గుట్ట ఆడది' అని రాసుకునేవాణ్ని, ఎక్కువగా ఒక రాతిగుట్ట చుట్టూ కనబడేది కాబట్టి. చుక్కలు 4:3. జూలైలో, అంటే అక్కడ చలికాలంలో, ఒక పొద్దున అది గుట్ట కింద రోడ్డు దాటింది. పొట్ట కింద చనుమొనల చుట్టూ బొచ్చు తడిసి, వలయాల్లా అతుక్కుని ఉంది. పిల్లలు పాలు తాగుతున్నాయన్నమాట. పిల్లలు ఎక్కడో రాళ్ల సందుల్లో ఉన్నాయని నాకు ఒకటే సంబరం. రెండు రోజుల తరవాత తూర్పున, దాదాపు తొమ్మిది కిలోమీటర్ల అవతల మరూలా చెట్టు మీద, వేటాడిన ఇంపాలా జింకతో కనబడింది. ఎదురుగా కూర్చుని నావైపే చూస్తోంది. లెక్కపెట్టాను, 4:3. పొట్ట కింద చూస్తే పాలు తాగిన గుర్తే లేదు.

పిల్లలు పోయాయనుకున్నాను. కొత్త మగ చిరుత ఎవరన్నా ఆ ప్రాంతంలోకి వస్తే పాత మగదాని పిల్లల్ని చంపేస్తుంది, ఆడది మళ్లీ ఎదకు వస్తుంది. ఇది అక్కడ మామూలే. ఆ రాత్రి ఒక పేజీ నిండా బాధ రాసుకున్నాను, తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా జీపు బానెట్ మీది సీట్లో కూర్చునే ట్రాకర్, షాంగాన్ తెగ పెద్దాయన, మర్నాడు నా ఫొటోలు చూస్తూ "ఇది ఎవరి కుడి?" అని ఒక్కమాట అడిగాడు. చెట్టు మీది చిరుత నాకు ఎదురుగా ఉంది. నా కుడివైపు కనబడేది దాని ఎడమ చెంప. తిప్పి లెక్కపెడితే 3:4. అది గుట్ట ఆడది కాదు, దాని కూతురు. ఆడపిల్లలు చాలాసార్లు తల్లి నేల అంచునే, దాన్ని ఒరుసుకుంటూ, తమకో ముక్క సంపాదించుకుంటాయి. మగపిల్లలు దూరం పోతాయి. ఈ ముక్క పుస్తకంలో చదివే ఉన్నాను, అక్కడ మాత్రం గుర్తు రాలేదు.

మూడు నెలల 27 ఎంట్రీలు మళ్లీ తిరగేశాను. 14 తల్లివి, 6 కూతురివి. మిగతా 7 సరైన ఫొటో లేక ఎవరివో తేలలేదు, కొట్టేశాను. తల్లి తిరిగే నేల అని నేను గీసుకున్న మ్యాపు సగానికి సగం చిన్నదైపోయింది.

కాబట్టి అలవాటు చేసుకోండి: లెక్కపెట్టే ముందు మీరు చిరుత వెనక నిలబడి, అది చూసే వైపే చూస్తున్నట్టు ఊహించుకోండి. అప్పుడు దాని కుడీ మీ కుడీ ఒకటే అవుతాయి.

ఇంకో జాగ్రత్త. 4:3 అనేది ఆధార్ నంబరు కాదు. ఒకే అడవిలో 3:3లు నాలుగైదు ఉండొచ్చు. అది అనుమానితుల జాబితాను చిన్నది చేస్తుంది, అంతే. ఖాయం చేసుకోవడానికి నుదుటి మీది చుక్కల అమరిక, మెడ కింద హారంలా ఉండే మచ్చలు, పక్కటెముకల మీద ఒక నాలుగు రోసెట్ల (గులాబీ ఆకారపు మచ్చల) గుంపు చూడాలి. చెవి చిరుగు, తోక వంకర చూసి ఎవరన్నా గుర్తుపడితే వినండి గానీ దాన్నే నమ్ముకోకండి. చిరుగులు పెరుగుతూ పోతాయి. మన నల్లమలలో పెట్టే కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదురుగా వస్తే వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు) బాటకు రెండు వైపులా ఎదురెదురుగా ఉండేది ఇందుకే. జంతువు కుడి పక్క మచ్చలు ఒక రకం, ఎడమ పక్కవి ఇంకో రకం. ఒక పక్క ఫొటోని చూసి రెండో పక్క ఎలా ఉంటుందో చెప్పలేం.

ఇక నోటుబుక్కు. తేదీ, టైము, చోటు, చుక్కలు, ఏ పక్క కనబడింది, పొట్ట నిండిందా లేదా, చనుమొనలు, ఎవరితో ఉంది. ఇవి ఎవరైనా రాస్తారు. ఎవరూ రాయనిది, నేనూ మొదట్లో రాయనిది, కనబడని రోజు. "గుట్ట చుట్టూ మూడు గంటలు తిరిగాం. ఉత్తర రోడ్డు, ఏటి రోడ్డు చూశాం. జాడ లేదు." ఇది కూడా ఎంట్రీయే. రాయకపోతే నెల రోజుల తరవాత ఆ ఖాళీకి అర్థం ఉండదు. చిరుత రాలేదా, మీరే వెళ్లలేదా? రాసి ఉంటే ఆ ఖాళీయే మాట్లాడుతుంది. ఆడ చిరుత మగదానితో కొన్ని రోజులు జత కడుతుంది. గర్భం నిలిస్తే సుమారు 100 రోజులకు ఈనుతుంది. మామూలుగా రెండు పిల్లలు, అప్పుడప్పుడు మూడు. ఈనాక కొన్నాళ్లు ఒకే చోటి చుట్టూ తిరుగుతూ, వేటకి వెళ్లి వస్తూ ఉంటుంది. రోడ్ల మీద జాడలు తగ్గుతాయి, ఉన్న కాసిని జాడలూ ఒకే వంక వైపు పోయి వస్తుంటాయి.

అది తెలిశాక ఆ వంక వైపు వెళ్లకండి. చెప్పడానికి తేలికే, అక్కడ ఉన్నప్పుడు మనసు ఆగదు, నాకు తెలుసు. మనం తొక్కిన గడ్డి, వదిలిన వాసన హైనాలను, సింహాలను రప్పిస్తే పోయేవి పిల్లలే. ఎలాగూ పుట్టినవాటిలో సగం కూడా పెద్దవి కావు. ఫొటో ఎక్కడన్నా పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి. ఆరేడు వారాలు దాటాక తల్లే పిల్లల్ని వేట దగ్గరికి తీసుకొస్తుంది. అప్పుడు జాకల్‌బెర్రీ చెట్టు కింద, అంటే మన బీడీ ఆకు తునికికి దగ్గర చుట్టం కింద, దూరంగా జీపు ఆపి కూర్చుంటే చాలు. అప్పుడు పిల్లల చుక్కలు కూడా రాసుకోవచ్చు. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో అవి తల్లిని వదులుతాయి. ఆలోపు రెండు చెంపలూ ఫొటో లేకపోతే, రెండేళ్ల తరవాత పక్క నేలలో కనబడే కొత్త ఆడది ఎవరి బిడ్డో చెప్పలేరు.

ఈసారి హోంవర్క్‌కి అడవి అక్కర్లేదు. మొదటిది: సబీ సాండ్ లాడ్జీలు తమ చిరుతల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెడతాయి. ఒక ఆడ చిరుతవి వేరు వేరు ఏళ్లవి ఐదు ఫొటోలు తీసుకుని, పేరు కింద రాసిన చుక్కల లెక్క చూడకుండా మీరే లెక్కపెట్టండి. ఎదురుగా చూస్తున్న ఫొటో కనీసం ఒకటి ఉండాలి. మొదటిసారి రెండైనా తప్పుతాయి, టెన్షన్ పడొద్దు.

రెండోది కాగితం మీద. ఇది అభ్యాసం కోసం నేను కూర్చిన నోటుబుక్కు పేజీ:

మార్చి 3, ఉ. 6.10. ఏటి ఒడ్డు. 4:3, రెండు చెంపలూ ఫొటో ఉంది. పెద్ద మగదానితో జత.
ఏప్రిల్ 19, సా. 5.40. గుట్ట కింద. కుడి చెంప 4, ఎడమ కనబడలేదు. చెట్టు మీద ఇంపాలా, పొట్ట నిండుగా.
మే 2, ఉ. 7.00. గుట్టకి 6 కి.మీ. తూర్పున. కుడి చెంప 4, ఎడమ కనబడలేదు. అదే మగదానితో జత.
మే 3 – జూన్ 10. గుట్ట వైపు 22 సార్లు వెళ్లాం. కనబడలేదు. ఏటి వంక దగ్గర రెండుసార్లు ఆడదాని జాడ.
జూన్ 20, ఉ. 6.50. ఏటి ఒడ్డు. 4:3, రెండు చెంపలూ. చనుమొనల చుట్టూ తడి వలయాలు.

మే 2న చూసింది మన ఆడదేనా? జూన్ 20 నుంచి వెనక్కి రోజులు లెక్కపెట్టి చూడండి. తరవాత ఏప్రిల్ 19 ఎంట్రీని ఉంచాలో కొట్టేయాలో తేల్చండి, ఎందుకో ఒక వాక్యంలో రాయండి. 22 సార్లు వెళ్లిన సంగతి ఆ పేజీలో రాసి ఉండకపోతే మీ జవాబు ఏం మారేదో కూడా రాయండి. నా జవాబు ఆరో పాఠం మొదట్లో ఉంటుంది. ఆ తరవాత రంపంతో కట్టె కోస్తున్నట్టుండే చిరుత అరుపు విని, అది ఎటు వెళ్తోందో పట్టుకోవడం చూద్దాం.